రాణిగారి పొయ్యి

పెద్ద వరద వచ్చి కోట కింది రాతి వంతెనను ఊడ్చుకుపోయిన ఏడాది అది. చలి ముందే దిగింది. వెండెలిన్ రోజూలాగే పొద్దు పొడవకముందే గోడల మధ్య సందులోకి దూరి, మోకాళ్ళ మీద కూర్చుని, రాణిగారి పొయ్యిలోంచి బూడిద లాగుతున్నాడు.

ఆ కోటలో గదులు దొరలవి, సందులు పనివాళ్ళవి. కట్టెలు మోసే మనిషి దొరల కంట పడకూడదని పొయ్యిల నోళ్ళన్నీ గోడ వెనక్కి తిప్పి కట్టారు. గదివైపు కనబడేవి నీలంపూల పింగాణీ పలకలు మాత్రమే. వెండెలిన్ తండ్రిదీ ఇదే పని. ఆయన భుజాలు రాసుకుని నునుపెక్కిన గోడకే ఇప్పుడు కొడుకు భుజాలు రాసుకుంటున్నాయి. ఎడమచేతి మీద వెంట్రుకలు ఏనాడో మాడిపోయాయి, మళ్ళీ మొలవలేదు. సందులో వంగీ వంగీ నడుం అలాగే ఉండిపోయింది. ఆదివారం గుళ్ళో నిలబడ్డా నెత్తిమీద ఏదో కప్పు ఉన్నట్టే నిలబడేవాడు. భార్య పోయి చాలాకాలమైంది. మాట్లాడే అవసరం కూడా ఆవిడతోనే పోయింది.

రాణి ఒటీలియా ముఖం అతను ఎన్నడూ చూడలేదు. ఆవిడ నడక తెలుసు, దగ్గు తెలుసు. పొయ్యి గొంతులోంచి గదిలో మాటలన్నీ ఇవతలికి వచ్చేవి.

ఎక్కడో ఉత్తరాన సముద్రం ఒడ్డున పుట్టిన పిల్ల. పెళ్ళై వచ్చిన వారంలోనే ఆస్థాన జ్యోతిష్కుడు ఆంబ్రోస్ పండితుడు ఆవిడ పుట్టినరోజు చూసి, ఆ రోజున సూర్యుడున్నది కర్కాటకంలో అని తేల్చాడు. చల్లటి రాశి, తడి రాశి అన్నాడు. ఒళ్ళంతా నీరే, అందులో బిడ్డ నిలవాలంటే ముందు ఆ నీరు ఆరాలి అన్నాడు. రాజుగారి తల్లి, ముసలి రాణి, ఆ మాట పట్టుకుంది. కిటికీల సందులకి కాగితం అంటించారు. నిప్పు మే నెలలో కూడా ఆరకూడదన్నారు.

ఇక ఆ పిల్ల ఏం చేసినా కర్కాటకమే. ఏడిస్తే, నీటి రాశి కదా అనేవారు. మాట్లాడకపోతే, పీత గుల్లలోకి దూరింది అనేవారు. ఒకసారి పళ్ళెం విసిరికొడితే, పీత డెక్కలు బయటపెట్టింది అని నవ్వారు. ఒక్కసారి పుట్టింటికి పంపించండి అని అడిగితే, అదిగో, ఇల్లు పట్టుకుని వేలాడ్డమే ఈ రాశి జబ్బు అన్నారు. ఆ తర్వాత ఆవిడ ఏమీ అడగలేదు. బిడ్డా కలగలేదు. ఏటికేడాది గొంతు ఎండి, దగ్గు పొడిబారింది. ఆవిడని ఉడకబెడుతున్న చెయ్యి తనదేనని వెండెలిన్‌కి తెలుసు. తెలిసీ కట్టె వేసేవాడు. వెయ్యకపోతే ఇంకొకడొచ్చి వేస్తాడు.

"వెండెలిన్ మామా, ఉన్నావా?" రాణిగారి దాసి వాల్బుర్గా పక్కకి తిరిగి సందులోకి దూరింది. లావుపాటి మనిషి. "ఈ సందు కట్టినవాడు అన్నం తినే జాతి కాదు!"

"ఎక్కడికి పోతాను?"

"కట్టెలు ఆపు. కొంప మునిగింది. వంతెన పోయి ఇక్కడే చిక్కుబడిపోయాడు చూడు, అమ్మగారిని చూడ్డానికి ఆవిడ దేశం నుంచి వచ్చిన మతగురువు? రాత్రి భోజనాల దగ్గర పండితుడితో అన్నాడట, మా దేశంలో పాత పంచాంగమే ఇంకా నడుస్తోంది, మీకంటే పదకొండు రోజులు వెనక అని."

"అయితే?"

"అయితే ఏమిటి మామా! అమ్మగారు చెప్పిన తారీఖు వాళ్ళ లెక్క. మన లెక్కలోకి మారిస్తే ఆవిడ కర్కాటకం కాదట. సింహమట!"

వెండెలిన్ చేతిలో కట్టె అలాగే ఉండిపోయింది. "మరి ఇన్నేళ్ళూ?"

"ఇన్నేళ్ళూ పీతే. ఇవాళ్టి నుంచి సింహం." నవ్వబోయి ఆగిపోయింది. "అమ్మగారు రాత్రంతా చలిజ్వరంతో వణుకుతూనే ఉంది మామా. మూడు దుప్పట్లు కప్పాను."

ఇంతలో ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని ఆంబ్రోస్ పండితుడే వచ్చాడు. ఆ సందులోకి ఆయన రావడం అదే మొదలు.

"ఈ పొయ్యి ఆర్పెయ్. సింహరాశి అంటే లోపలే నిప్పు. దాని మీద మనం నిప్పు పోశాం. అందుకే మనిషి ఎండిపోయింది."

"అమ్మగారికి చలిజ్వరం అంటున్నారండీ," అన్నాడు వెండెలిన్.

"చలి కాదది, సింహానికి కోపమొస్తే ఒళ్ళు అలాగే అదురుతుంది. నీకేం తెలుసు? పొగగొట్టం నా కిటికీలోంచి కనబడుతుంది. పొగ కనిపించిందో, నిన్ను వరద ఊళ్ళకి రాళ్ళు మొయ్యడానికి పంపిస్తాను."

ఆయన వెళ్ళాక వెండెలిన్ ఉన్న నిప్పంతా లాగేశాడు. రోజూ చేసే పనే కాబట్టి చెయ్యి ఆగలేదు.

మధ్యాహ్నానికి మంచు పడింది. మిగతా పొయ్యిల్లో కట్టెలు వేస్తూ తిరుగుతున్నా చెవి ఇటే ఉంది. గదిలో తడిగుడ్డలు పిండుతున్న చప్పుడు. సింహం వేడి దించడానికి. పండితుడు అందరితో బయటికి వెళ్ళాక, పలక మీద ఉంగరం తాకిన చప్పుడు. ఒకసారి. మళ్ళీ ఒకసారి.

"అవతల ఎవరయ్యా?"

పనివాళ్ళు గోడలోంచి మాట్లాడకూడదు. వెండెలిన్ తండ్రి నేర్పిన మొదటి పాఠం అదే.

"నేనేనమ్మా. పొయ్యి మనిషిని."

"పేరు లేదా నీకు?"

"వెండెలిన్ అంటారమ్మా."

"వెండెలిన్, చలేస్తోంది. కొంచెం నిప్పు వెయ్యవూ?"

అతను లేచి వెళ్ళిపోయాడు. అతను పారిపోతున్నాడని ఆవిడ అనుకుని ఉంటుంది. నిజానికి సందు మలుపు దాటేదాకా అతనికీ అదే అనిపించింది.

మలుపు అవతల ముసలి రాణి కుక్కల గది. ఆ పొయ్యి పొద్దున్నుంచీ నిండుగా మండుతోంది. కట్టె మండితేనే పొగ, కణకణలాడే నిప్పుకు పొగ రాదు. ఇనప పారతో నిప్పులు ఎత్తి, మీద బూడిద కప్పి, వంగి నడుస్తూ మోసుకొచ్చాడు. రాణిగారి పొయ్యిలో లోపలికంటా, పలకల దగ్గరకి తోశాడు. మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ తెచ్చాడు. కుక్కలు చలికి మూలుగుతుంటే నోరు మూసుకోండర్రా అని గోడకి చెప్పాడు. ఒకసారి నిప్పు జారి మణికట్టు మీద పడింది. దులుపుకున్నాడు.

పొద్దు వాలేసరికి పలకలు కాగాయి.

"వచ్చింది," అంది అవతలి గొంతు, చాలా దగ్గర నుంచి. "వెచ్చగా ఉంది." మళ్ళీ ఆవిడే, "నేను ఇవాళ్టి నుంచి సింహాన్నట, విన్నావా?"

"విన్నానమ్మా."

"పీతగా ఉన్నప్పుడే నయం. కనీసం ఉక్కపోసేది." నవ్వబోతే దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక అడిగింది. "నీదే రాశి?"

"తెలీదమ్మా. మాలాంటి వాళ్ళకి ఎవరూ చూడరు."

"అదృష్టవంతుడివి."

వెండెలిన్ గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు. కోట కిందినుంచి సాయంకాలపు గంటలు వినిపించాయి. గంటలు ఆగాక చెవి పొయ్యి దగ్గర పెట్టాడు. దగ్గు లేదు, ఊపిరి చప్పుడు లేదు. నిప్పులు మాత్రం చిటపటమంటున్నాయి.

వాల్బుర్గా కేక వినబడింది. తర్వాత చాలా కాళ్ళు. ఎవరో పలకల మీద చెయ్యి వేశారు.

"చూశారా!" ఆంబ్రోస్ పండితుడి గొంతు వణికింది, ఆనందంతోనే. "పొయ్యి పొద్దున్నే ఆర్పించాను. పొగ లేదు, మీరంతా చూశారు. అయినా పలకలు కాలిపోతున్నాయి! సింహం ఒంటి వేడి ఇది. నా లెక్క తప్పలేదు."

"అవునవును," అంటోంది ముసలి రాణి. "అందుకే ఎవరి మాటా వినేది కాదు."

వెండెలిన్ కాలిన మణికట్టును రెండో చేత్తో పట్టుకున్నాడు. నోరు తెరిచాడు. నిప్పు తెచ్చింది నేను అని చెప్పాలి. చెబితే రాళ్ళ మోత. అది కాదు భయం. చెప్పినా గోడ మాట్లాడిందంటారు. నోరు మూసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే లేచి మిగతా పొయ్యిలన్నీ వెలిగించాడు. కుక్కల గది పొయ్యిలో కొంచెం ఎక్కువే వేశాడు. ఆ తర్వాత రాణిగారి పొయ్యిని గదివైపు నుంచి మూసెయ్యమని ముసలి రాణి చెప్పించడంతో, ఇటుకలు, మట్టి మోసుకుని, జీవితంలో మొదటిసారి తలుపులోంచి ఆ గదిలోకి వెళ్ళాడు. మంచం ఖాళీ. చావు జరిగిన గది అని అద్దాల మీద నల్లబట్ట కప్పారు. గది చాలా పెద్దది, ఇంత ఎత్తు కప్పు కింద కూడా అతని నడుం నిటారు కాలేదు. పొయ్యి చుట్టూ తిరిగి వెనక మూలకి వచ్చాడు. తను సందులో వీపు ఆనించి కూర్చునే చోటుకి సరిగ్గా ఇవతల, పలకలకి ఆనించి ఒక పొట్టి పీట ఉంది. పాలు పితికేవాళ్ళు కూర్చునేలాంటిది. రాణుల ఇంట్లో ఉండాల్సింది కాదు. మధ్యలో చెక్క అరిగి గుంటపడింది. ఆ ఎత్తున రెండు పలకల మీద, ఏళ్ళ తరబడి ఎవరిదో వీపు రాసుకుని, నీలంపూలు చెరిగిపోయాయి.

మట్టి తట్ట కింద పెట్టాడు. పీటను పక్కకి జరపాలి, లేకపోతే పని సాగదు. దాన్ని పట్టుకోవడానికి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. దాని ఒక కాలు కురచ. కదలకుండా ఉండడానికి కింద పెట్టిన బట్టముక్క ఇంకా నాలుగు మడతలు మడిచినట్టే ఉంది.