సున్నా సెకన్లు

“నీ ప్రోగ్రాంల ఒక లైన్ ఊకెనే ఉండె, తీసేసిన,” అన్నాడు మా ఆయన అనూప్, నేను పెనం మీద దోసె తిప్పుతుండగా. “ఇంట్ల ఖాళీగ కూసుంటవ్ కదా, అక్కర్లేనివి మస్తు రాస్తవ్. ఇప్పుడు చూడు ఎంత జల్ది అయితుందో.”

దోసె పళ్లెంలో వేసి ఆయన భుజం మీదుగా లాప్‌టాప్ చూశాను. సి భాషలో నేను రాసిన ప్రోగ్రాం. అందులో ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూప్ పది కోట్ల సార్లు తిరుగుతూ, తిరిగిన ప్రతిసారీ ఒక చిన్న లెక్క చేసి మొత్తానికి కలుపుతుంది. చివర ఆ మొత్తాన్ని తెర మీద చూపించే లైన్ ఒకటి ఉండాలి. ఆయన తీసేసింది దాన్నే. అది లేకపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. చెబుదామని నోరు తెరిచాను. “చట్నీ ఏది?” అన్నాడు. నోరు మూసుకుని చట్నీ వేశాను.

ఆరేళ్లుగా ఇదే తంతు. అనూప్ రామాయంపేటలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెబుతాడు. ఆ పాఠాలు రాసేది నేను. ఇద్దరం ఒకే కాలేజీలో ఎంసీఏ చదివాం, మార్కులు నాకే ఎక్కువ. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. టిఫిన్లు, అత్తమ్మ మందులు, బట్టలు, గిన్నెలు అన్నీ అయ్యాక వంటింటి గట్టు మీదే లాప్‌టాప్ పెట్టుకుని నిలబడి రాస్తాను. సాయంత్రం బస్సు దిగి వచ్చి చెప్పులు విడుస్తూ, “పొద్దంత ఇంట్ల ఏం జేస్తవ్ నవోమీ?” అంటాడు. జవాబు కోసం ఒక్కరోజు కూడా ఆగలేదు.

మా మెదక్‌లోనే ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఒక లెక్చరర్ పోస్టు పడింది. నేను పెట్టుకుంటానంటే ఫేబ అత్తమ్మ నవ్వేసింది. “నువ్వు పోతే పొయ్యెవరు ముట్టియ్యాలె? మావోడు పెట్టుకుంటడు తియ్యి.” మావోడు పెట్టుకున్నాడు. డెమో పాఠానికి అందరికీ ఒకటే అంశం అని ప్రకటనలోనే ఇచ్చారు: ఏ భాషలో లూప్ ఎంత వేగంగా నడుస్తుంది, ఎన్ని రకాలుగా వాడుకోవచ్చు. “జర రాసియ్యి,” అన్నాడు. రాసిచ్చాను. ఆ రోజే నా అప్లికేషన్ కూడా పంపేశాను. ఇంట్లో చెప్పలేదు.

ఆ పొద్దున దోసె తిని ఆయన డెమోకు బయలుదేరిన అరగంటకు అత్తమ్మకు అన్నం మూతపెట్టి, చీర మార్చుకుని ఆటో ఎక్కాను. కాలేజీ నోటీసు బోర్డు మీద ఆయన పేరు కిందే నా పేరుంది. ఆయనకు తన పేరు కనబడితే చాలు, కిందికి చూసే అలవాటు లేదు. ల్యాబ్ గుమ్మంలో నన్ను చూసి, “టిఫిన్ డబ్బ తెచ్చినవా?” అన్నాడు. లేదన్నాను. వెనక బెంచీ చూపించాడు. కూర్చున్నాను.

పాఠం బాగానే చెప్పాడు, నాదే కదా. లూప్ తిరగడానికి పైథాన్ అనే ఇంకో భాషలో పదకొండు సెకన్లు పట్టాయి. తరవాత సి నడిపాడు. తెర మీద సున్నా పడింది. “చూసిండ్రా! పది కోట్ల సార్లు తిరిగింది, సున్నా సెకన్లు!” అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపాల్ కౌసల్య మేడం కళ్లద్దాలు సర్దుకుని, “సున్నానా?” అంది. “సి అంటే అంత ఫాస్ట్ మేడం,” అన్నాడు. నాకు జాలి కలగాలి. కలగలేదు. ఆరేళ్ల ఆకలి మీద విస్తరి ముందు కూర్చున్నట్టుంది.

“నవోమి గారు, రాండ్రి,” అంది మేడం. అనూప్ తల గిర్రున తిరిగింది. నేను నా ఫైల్ తెరవలేదు. ఆయన ప్రోగ్రాం ఇంకా తెర మీదే ఉంది. పది కోట్లు చెరిపి వెయ్యి కోట్లు పెట్టి నడిపాను. సున్నా. “ఇంకెంత పెట్టమంటరు?” అని అడిగితే ముందు బెంచీ అమ్మాయి, “లక్ష కోట్లు!” అని అరిచింది. పెట్టాను. మళ్లీ సున్నా. అందరూ గొల్లున నవ్వారు.

“ఇదెట్ల?” అంది మేడం.

“లూప్ తిరగనేలే మేడం. మనం రాసింది మెషీన్‌కు అర్థమయ్యేటట్టు మార్చేది కంపైలర్. జల్ది నడవాలె అని చెప్తే, ఎవరికీ అక్కరలేని పని ఏడుందో దేవులాడుతది. ఇంత లెక్క చేసినంక మొత్తం ఎంతొచ్చిందని ఈడ ఒక్కలు గూడ అడగలే. అడగనిదానికి చేసుడెందుకని లూప్ మొత్తం తీసి పారేసింది.”

నా లైన్ మళ్లీ రాసి, పది కోట్లకు మార్చి నడిపాను. పావు సెకను. “సి తోని ఏడ మొదలు, ఏడ ఆగాలె, ఎంతెంత అడుగెయ్యాలె, అన్ని మనమే చెప్పాలె. పైథాన్ నిదానమే, గని హాజరుపట్టీ ఇస్తే పేరు పేరుకు, ఫైల్ ఇస్తే వరుస వరుసకు అదే నడుస్తది.” అమ్మాయిలు రాసుకుంటున్నారు. నేను చెప్పింది నా ముందే రాసుకోవడం చూడటం అదే మొదటిసారి.

“ఈ లైన్ సార్ మర్చిపోయిండ్రా?” అంది మేడం.

“లే మేడం. నేను రాసిస్తే తీసేసిండ్రు.”

ల్యాబ్ మొత్తం అనూప్ వైపు తిరిగింది. ఆయన సెల్‌ఫోన్ చూసుకున్నాడు. మేడం నన్ను సోమవారం నుంచి రాగలరా అని అడిగింది. వస్తానన్నాను. ఇంట్లో అడిగి చెబుతానని అనలేదు.

గేటు దగ్గర అనూప్ నా చెయ్యి పట్టి ఆపాడు. మొహం కందిపోయి ఉంది. “లైన్ తీసింది పొద్దున చూసినవ్ కదా?”

“చూసిన.”

“గప్పుడే చెప్తే ఏం పోతుండె? ఇజ్జత్ తీసినవ్! పొద్దున నోరు మూసుకొని ఏం జేసినవ్?”

చెయ్యి విడిపించుకున్నాను. ఆటో వస్తోంది.

“ఏం జేస్త? ఇంట్ల ఉన్న కదా.”