చేతికి తగిన పిస్తోలు

హాకెట్ల ఇంట్లో పిల్లలకి పన్నెండేళ్ళు నిండాయంటే కేకు కోసినా కోయకపోయినా పెద్దాయనని మాత్రం పేల్చి తీరాలి. పెద్దాయన అంటే మనిషి అనుకునేరు. డెల్బర్ట్ హాకెట్ తండ్రి నాటి ఫార్టీఫోర్ రివాల్వరు అది. చెయ్యి లాగేసే బరువు, చెవులు గింగురుమనే మోత, పేలిస్తే భుజం దాకా పాకే దెబ్బ. ఊరవతల కంకర గోతి దగ్గర చుట్టాలంతా పికప్ బళ్ళ వెనక తలుపులు దించుకుని, వాటి మీద కూర్చుని కాఫీ తాగుతూ చూస్తుంటే, పిల్లో పిల్లవాడో దాన్ని రెండు చేతులా ఎత్తి పేల్చాలి. పేల్చాక "హాకెట్ల రక్తమే!" అని అందరూ చప్పట్లు కొడతారు. ఈ ఆచారం ఎందుకు పెట్టారో ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియదు. పెట్టినవాడు ఎప్పుడో పోయాడు, ఆచారం మాత్రం గుండ్రాయిలా ఉంది.

కొరీన్‌కి ఆ చప్పట్లు దక్కలేదు. డెల్బర్ట్‌కి ఒక్కగానొక్క కూతురు. తన వంతు వచ్చిన రోజున పెద్దాయనని ఎత్తి, కళ్ళు గట్టిగా మూసుకుని పేల్చింది. గుండు గురి అట్ట దాకా పోనేలేదు, ముందున్న మట్టిలో దిగబడింది. అన్న వేడ్ పడీపడీ నవ్వాడు. "దీనికి గుండె చాలదు" అన్నాడు తండ్రి. ఆ మాట ఆ గోతిలోనే పూడ్చేసి ఉంటే బాగుండేది. కానీ ఏటా టర్కీ కోడి కోసే పండగనాడు బల్ల దగ్గర అది మళ్ళీ లేచి కూర్చుంటుంది. డెల్బర్ట్ నవ్వుతూనే అంటాడు. నవ్వుతూ గుచ్చితే మాత్రం ముల్లు ముల్లు కాకుండా పోతుందా?

ఆ తర్వాత కొరీన్ పిస్తోలు ముట్టలేదు. ఇప్పుడామె స్కూలు బస్సు నడుపుతోంది. వ్యోమింగ్ చలికాలంలో, ముందు దారేదో గుట్టేదో తెలియని మంచుగాలిలో, బస్సు నిండా పిల్లల్ని కనుమ దింపి ఎవరింటికి వాళ్ళని చేరుస్తుంది. దానికి గుండె అక్కర్లేదు కాబోలు.

ఇప్పుడు కొరీన్ కూతురు హ్యాటీకి పన్నెండు నిండాయి.

హ్యాటీ నిరుటి నుంచి జిల్లా పిల్లల పిస్తోలు క్లబ్బులో చేరి, వాళ్ళు అరువిచ్చే ట్వంటీటూ పిస్తోలుతో నేర్చుకుంటోంది. సన్నటి తూటా, చిన్న మోత, కుదుపు ఉందా లేదా అన్నట్టుంటుంది. మొదట్లో అట్టంతా చిల్లులు చెదిరి ఉండేవి. రానురాను అవి ఒకదాని పక్కకి ఒకటి చేరి, ఈమధ్య కాఫీ కప్పు అడుగు పెడితే అన్నీ దాని కింద దాక్కుంటున్నాయి. వెనక బెంచీ మీద కూర్చున్న కొరీన్‌కి ఛాతీ ఉప్పొంగిపోయేది. ఆ అట్టల్ని చిన్న చిన్న కట్టలుగా కట్టి బీరువాలో దాచింది.

వచ్చే శనివారం జిల్లా జట్టుకి ఎంపికలు. దానికి ముందు ఆదివారం పెద్దాయన ముహూర్తం. కొరీన్ భయమంతా అదే. ఒక్కసారి ఆ దెబ్బ చేతికి తగిలి బెదురు పట్టుకుందంటే, తర్వాత చిన్న పిస్తోలు పట్టినా ఒళ్ళు ముందే ఉలిక్కిపడుతుంది, గురి మట్టిలో కలుస్తుంది. ఆ బెదురు ఎలా ఉంటుందో ఆమెకి తెలిసినంతగా ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

జట్టులో చేరే పిల్లలు సొంత పిస్తోలు తెచ్చుకోవాలి. అందుకని ఆ శుక్రవారం తల్లీకూతుళ్ళు మార్జ్ లిండ్‌క్విస్ట్ తుపాకుల కొట్టుకి వెళ్ళారు. డెల్బర్ట్ పిలవకుండానే వెంట వచ్చాడు. ఆ కొట్లో పొయ్యి చుట్టూ పొద్దస్తమానం కాఫీ తాగే ముసలాళ్ళు కొందరుంటారు. కొనేది ఎవరైనా సలహా వాళ్ళది.

"ఆడపిల్లకి రివాల్వరే మేలు. తూటా ఇరుక్కుపోయే గొడవుండదు" అన్నాడొకాయన. ఆయన నడుముకి రివాల్వరు వేలాడుతోంది.

"చిన్న చెయ్యికి చిన్న తుపాకి. జేబులో పట్టేదొకటి ఇచ్చి పంపించు మార్జ్" అన్నాడు ఇంకొకాయన.

మార్జ్ కళ్ళజోడు పైనుంచి చూసింది. ఆమె డెల్బర్ట్‌తో కలిసి బడికెళ్ళిన మనిషి, ఎవరి నోటికీ భయపడే రకం కాదు. "నీ తలకాయలాగే ఉంది నీ సలహా. తేలిక తుపాకి ఎక్కువ తంతుంది. బక్క గుర్రం మీద ఎక్కి చూడు, ఎంత ఎగరేస్తుందో. ఏమ్మా హ్యాటీ, ఇలా రా. వీళ్ళ మాట వినకు, నీ చేతి మాట విను."

ఒక్కొక్కటే గాజుబల్ల మీద పెట్టింది. మార్జ్ తెరిచి చూపించిన ప్రతిదాన్నీ హ్యాటీ మళ్ళీ తెరిచి, ఖాళీయేనని కళ్ళారా చూసుకుని, వేలు పక్కకి చాపి, మనుషులెవరూ లేని గోడవైపే ఎత్తింది. ఒకదానికి పిడి లావు. ఇంకోదాని పైభాగం వెనక్కి లాగలేక పిల్ల ముఖం ఎర్రబడింది. చివరికి పొడుగు గొట్టం ఉన్న ఉక్కు ట్వంటీటూ ఒకటి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఇది కదలట్లేదమ్మా. నా చేతిలో కూర్చుంది" అంది.

"ఖాళీ డబ్బాలు కొట్టుకునే బొమ్మ అది" అన్నాడు డెల్బర్ట్. "హాకెట్ల పిల్ల చేతిలో అదా? ముందు ఆదివారం పెద్దాయనని ఎత్తనీ. తర్వాత ఏది కొనాలో నేను చెప్తాను. పదండి."

కొరీన్ నోరు తెరిచింది. పొయ్యి చుట్టూ ఉన్న తలలన్నీ తనవైపు తిరిగేసరికి మళ్ళీ మూసుకుంది. తిరిగొచ్చే దారంతా తన మీద తనకే ఒళ్ళు మండింది.

ఆదివారం కంకర గోతి దగ్గర గాలి మామూలుగానే టోపీలు ఎగరేసుకుపోతోంది. వేడ్ కుటుంబం, అత్తలు, వాళ్ళ పిల్లలు అందరూ దిగారు. బిస్కట్లు, జింక మాంసం సాసేజీలు, కాఫీ ఫ్లాస్కులు. డెల్బర్ట్ గుడ్డ విప్పి పెద్దాయనని బయటికి తీశాడు. ఎండలో అది మిలమిల్లాడింది. అందంగానే ఉంటుంది, ఎవరు కాదన్నారు?

"రా పిల్లా" అన్నాడు డెల్బర్ట్.

కొరీన్ ఇద్దరి మధ్యకి వచ్చి నిలబడింది. "నాన్నా, వద్దు. శనివారం ఎంపికలున్నాయి. పిల్లకి బెదురు పట్టిస్తే ఊరుకోను."

"బెదురు నీది, దానిది కాదు. నీ పిరికితనం పిల్లకి అంటించకు."

వెనక బళ్ళ మీద కాఫీ తాగడాలు ఆగిపోయాయి. కొరీన్ కదలలేదు. అప్పుడు హ్యాటీ తల్లి చెయ్యి మెల్లగా పక్కకి నెట్టి ముందుకొచ్చింది.

"పేలుస్తాలే తాతా. కానీ మా క్లబ్బులో ఒక పద్ధతుంది. కొత్త తుపాకి ఏదైనా ముందు పెద్దవాళ్ళు పేల్చి చూపించాలి. తూటాలు మాత్రం పేల్చేవాళ్ళు నింపుకోకూడదు. జోడీగా ఉన్నవాళ్ళు నింపాలి. నింపుతుంటే చూడకూడదు."

"ఓస్, అంతేనా! నింపవే." డెల్బర్ట్ వెనక్కి తిరిగి చేతులు కట్టుకున్నాడు. అరవై ఏళ్ళుగా ఆ జిల్లాలో పేరున్న గురి అతనిది. ఇంట్లో పోటీల్లో గెలిచిన కప్పులు పెట్టడానికి అలమర చాలక పొయ్యి గట్టు మీద కూడా పెట్టాడు.

హ్యాటీ నింపి ఇచ్చింది. అందరూ చెవులు మూసే డిప్పలు పెట్టుకున్నారు. మొదటి గుండు పేలింది, గోతి దద్దరిల్లింది, అట్టకి నడిమధ్య చిల్లు పడింది. "చూశావా!" అన్నాడు డెల్బర్ట్. రెండోదీ అంతే. మూడోసారి ట్రిగ్గరు నొక్కాడు.

టిక్.

పేలలేదు. హ్యాటీ మూడో తూటా చోట పేలిపోయిన తూటా ఖాళీ తొడుగు పెట్టింది. పేలని తుపాకి నిశ్చలంగా ఉండాలి కదా? పెద్దాయన మూతి మాత్రం జానెడు కిందికి కుంగింది, తలవంచి నేలకి దండం పెట్టినట్టు. అందరూ చూశారు. డెల్బర్ట్ కూడా చూశాడు. దెబ్బ వస్తుందని చేతులు ముందే తోశాయి. మోతలో ఇన్నేళ్ళూ కనపడని సంగతి నిశ్శబ్దంలో బయటపడింది.

"నాన్నా, నేలని కొట్టబోయావేంటి!" అని వేడ్ నవ్వాడు.

"నోర్ముయ్. ఇంకోసారి నింపవే."

ఇంకోసారీ మూతి కుంగింది. హ్యాటీ నవ్వలేదు. "అందరికీ అంతే తాతా. నీకు తెలిసి చేసేది కాదు, ఒళ్ళు చేసేది. నీకు గురి ఎక్కువ గనక కుంగినా కొట్టేస్తున్నావు. కొత్తవాళ్ళయితే మట్టిలో కొడతారు." తన సంచిలోంచి క్లబ్బు ట్వంటీటూ తీసి, తెరిచి చూపించి, మధ్య మధ్య పేలని ఉత్తి తూటాలు కలిపి నింపింది. "ఇది చూడు."

డెల్బర్ట్ పేల్చాడు. ఉత్తి తూటా వచ్చినప్పుడల్లా పిస్తోలు రాయిలా నిలబడింది. తర్వాత హ్యాటీ పేల్చింది, ఈసారి తాతే నింపాడు. ఉత్తివి ఎక్కువే పెట్టాడు ముసలాడు, ఎక్కడన్నా దొరుకుతుందేమోనని. పిల్ల చెయ్యి ఒక్కసారి కూడా కదలలేదు. చిల్లులన్నీ గుంపుగా ఒక్కచోటే పడ్డాయి. కొరీన్‌కి కళ్ళు చెమర్చాయి. నా కూతురు, అనుకుంది. నా కూతురు, ఈ గోతిలో, ఇందరి ముందు.

డెల్బర్ట్ ఆ అట్ట దగ్గరికి నడిచి వెళ్ళి, వేలితో తడిమి, చాలాసేపటికి తిరిగొచ్చాడు. వచ్చింది కొరీన్ దగ్గరికి.

"ఆ రోజు నువ్వు మట్టిలో కొట్టింది ఇందుకేనా?"

"నాకేం తెలుసు నాన్నా? నాకెవరూ ఖాళీ తొడుగు పెట్టి చూపించలేదు. గుండె చాలదన్నారు, కాబోలనుకున్నాను."

డెల్బర్ట్ పెద్దాయనని ఖాళీ చేసి గుడ్డలో చుట్టి బండిలో పెట్టేశాడు. "మరి హ్యాటీ పేల్చదా?" అని ఒక అత్త అడిగింది. "అది పేల్చాల్సింది పేల్చింది. చప్పట్లు కొట్టండి" అన్నాడు. కొట్టారు.

శనివారం ఎంపికల్లో హ్యాటీ అరువు పిస్తోలుతోనే జట్టులో చోటు కొట్టేసింది. డెల్బర్ట్ ఆ మధ్యాహ్నమే తల్లీకూతుళ్ళని బండెక్కించుకుని మార్జ్ కొట్టు ముందు ఆపాడు. తలుపు తియ్యగానే పొయ్యి దగ్గరున్నవాళ్ళందరికీ వినపడేలా, "మన పిల్ల జిల్లా జట్టులో ఉంది, తెలుసా?" అన్నాడు. తెలుసు. పొద్దుటి నుంచీ ఊరంతా తెలుసు. అయినా మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు.

"మార్జ్, మొన్న హ్యాటీ చేతిలోంచి వదలనిది తియ్యి."

"ఏది, డబ్బాలు కొట్టుకునే బొమ్మా?" అంది మార్జ్.

"అదే. దెప్పింది చాలు, తియ్యి. కాగితాలు కొరీన్ పేరు మీద రాయి, పెట్టె తాళం తన దగ్గరే ఉంటుంది. అలాంటిదే ఇంకోటి కూడా తియ్యి."

"ఇంకోటి ఎవరికి? వేడ్‌కా?"

"వేడ్‌కెందుకు? నా కూతురికి." డెల్బర్ట్ పొయ్యి వైపు తిరిగాడు. "నిరుడు మంచు తుపానులో కనుమ మీద నుంచి మీ మనవల్ని దింపింది ఎవరనుకున్నారు? గుండె గురించి ఈ జిల్లాలో ఎవడైనా మాట్లాడాలంటే ముందు దాన్ని అడగాలి. నేను కూడా."

ముసలాళ్ళు కాఫీ కప్పుల్లోకి చూసుకున్నారు. ఆ మాట కోసం ఎన్ని పండగలు ఆ బల్ల దగ్గర తల వంచుకుని కూర్చుందో కొరీన్‌కే తెలుసు. మార్జ్ రెండో పిస్తోలు బల్ల మీద పెట్టింది. డెల్బర్ట్ దాన్ని కూతురి వైపు జరిపాడు.

కొరీన్ కళ్ళు తుడుచుకుని, దాన్ని తెరిచి చూసి, గోడవైపు ఎత్తి, మళ్ళీ కింద పెట్టేసింది.

"ఇది హ్యాటీ చేతికి నాన్నా. నా వేళ్ళు పొడుగు. నాది నేను చూసుకుంటాను."

డెల్బర్ట్ ఒక్క క్షణం నోరు తెరిచాడు. సలహా నాలుక చివరి దాకా వచ్చి ఉంటుంది. మింగేశాడు. రెండడుగులు వెనక్కి వేసి, టోపీ తీసి చేత పట్టుకున్నాడు.

"విన్నావుగా మార్జ్? అన్నీ బయటికి తియ్యి" అన్నాడు. "నా కూతురు ఎంచుకుంటుంది."