మేకల దొడ్డి చైను

పందెం ఏడున్నరకు. ఆరుంబావుకు చౌడేశ్వరి సైకిలు మీంచి పడింది.

ఎవరూ గుద్దలేదు, చక్రం గుంటలోనూ పడలేదు. బుక్కరాయసముద్రంలో వాళ్ల ఇంటి ముందరి రోడ్డు మీదే, వాళ్ల నాయన కుళ్లాయప్ప కళ్లెదుటే, సీటు మీంచి లేచి పెడలు గట్టిగా తొక్కింది. వెనక చక్రం దగ్గర చైను పళ్ల మీద టకటకమని జారింది. కాలు ఖాళీలోకి పోయింది. మోకాలి చర్మం లేచిపోయి పిల్ల రోడ్డు మీద కూలబడింది.

"కొత్త చైనే కదా పాపా. నిన్న సాయంత్రమే కదా ఎక్కించినాను," అన్నాడు కుళ్లాయప్ప.

"అందుకే జారతాండాది," అంది చౌడేశ్వరి. ఏడవలేదు. ఏడ్చినా బాగుండును అనుకున్నాడు ఆయన.

నెల రోజులుగా చెబుతూనే ఉంది పిల్ల. నాయనా, చైను ఒక్కటే మారిస్తే చాలదు, క్యాసెట్టు కూడా మార్చాల, రెండూ కలిసి అరిగినాయి అని. క్యాసెట్టంటే మరేం కాదు, గేర్ల సైకిలుకు వెనక చక్రం మీద చిన్నా పెద్దా పళ్లచక్రాలు ఎనిమిది దొంతరగా ఉంటాయే, అదీ. చైను సాగేకొద్దీ పళ్లు కూడా దాని కొలతకే అరుగుతాయి. ముసలి మొగుడూ పెళ్లాల్లాగా ఒకరి వంకర ఒకరికి అలవాటైపోతుంది. మధ్యలో కొత్తదాన్ని తెచ్చి కూర్చోబెడితే కాపురం సాగుతుందా?

కుళ్లాయప్ప వింటేగా! ముప్పై ఏళ్లుగా సైకిల్ షాపు నడుపుతున్నవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. "అరిగిపోడానికి అదేమన్నా సబ్బుబిళ్లనా? ఆ పళ్లు ఇంకా పదేళ్లు వస్తాయి," అని కొట్టిపారేశాడు. పైగా ఆ కరువు నేలలో ఏ వస్తువునూ పారేసే అలవాటు ఎవరికీ లేదు. చిరిగిన ట్యూబుతో తడికలు కడతారు. తెగిన టైరును గడ్డివామి మీద, గడ్డి ఎగిరిపోకుండా బరువుగా పెడతారు. అలాగే నిన్న విప్పిన పాత చైను దీపాలు పెట్టకముందే ఆయన తల్లి మారెక్క మేకల దొడ్డికి గొళ్లెమైపోయింది. వదులుగా ఉందని ముసలామె సణిగితే, ఈ మహానుభావుడే రెండంగుళాలు కత్తిరించి మరీ ఇచ్చాడు.

ఇవాళ్టిది ఉత్తుత్తి పందెం కాదు. ముప్పై కిలోమీటర్లు, ఆఖర్న గుట్ట ఎక్కుడు. పైకి ముందు చేరిన ముగ్గురు ఆడపిల్లల్ని రాష్ట్ర శిక్షణ శిబిరానికి తీసుకుంటారు. ఈ ఏడు తప్పితే చౌడేశ్వరికి జూనియర్ల వయసు దాటిపోతుంది. రెండేళ్లుగా ఆ పిల్ల మంచం మీద సూర్యోదయం చూడలేదు.

కుళ్లాయప్ప వంగి పళ్లు చూశాడు. నిన్న ఈ కళ్లు ఏమైనాయో గానీ, ఇప్పుడు స్పష్టంగా కనబడింది. నడిమి చక్రాల పళ్లన్నీ కోడిగోళ్లలాగా ఒక పక్కకు వంగి ఉన్నాయి.

"అనంతపురంలో అంగళ్లు పదికిగానీ తీయరు పాపా."

"అంగడితో పన్లేదు. పాత చైను వేస్తే ఆ పళ్లకు సరిపోతాది. యాడుండాది?"

ఆయన ఇంటి వెనక్కి చెయ్యి చూపించాడు. "మీ అవ్వ మేకల కాడ."

కుళ్లాయప్ప కొత్త చైను విప్పి చేత పట్టుకున్నాడు. ఇంటి వెనక్కి పరిగెత్తాడు. మారెక్క దొడ్డి ముందు నిలబడి మేకకు ఆకు మేపుతోంది.

"అమ్మా, ఆ చైను కావాల."

"నిన్న ఇచ్చి ఈపొద్దు అడుగుతావేమిరా? మేకలు చేలల్లో పడితే నువ్వు తోలకొస్తావా?"

వాదించే టైమా అది! కొత్త చైను కొసలు కలిపే జాయింటు లింకు పీకి జేబులో వేసుకున్నాడు. రెండూ ఎనిమిది గేర్ల చైన్లే కాబట్టి అది పాతదానికీ పడుతుంది. పాతది ఊడదీసి, దాని స్థానంలో కొత్త చైను చుట్టి ట్యూబు ముక్కతో కట్టేశాడు. మారెక్క తిట్లు వెంటబడి వస్తూనే ఉన్నాయి.

ఒక్క రాత్రికే పాత చైనుకు దుమ్మూ, పెంటా, మేకవెంట్రుకలూ. కిరసనాయిల్లో ముంచి బ్రష్షుతో రుద్దాడు, గుడ్డతో ఆరేదాకా తుడిచాడు, ఒక్కో కీలుకు ఒక్కో చుక్క నూనె వేశాడు. పైన మిగిలిన నూనె తుడిచేశాడు, లేకపోతే ఈ గాలికి దుమ్ము పట్టి అదే ఆకురాయి అవుతుంది. ఈ పనిలో ఆయన చేతికి తిరుగులేదు. కానీ ఎక్కించి చూస్తే ఏముంది, ముందర పెడళ్ల దగ్గర ఉన్నది ఒకే పళ్లచక్రం, చిన్నదానికి మార్చే వీల్లేదు; వెనకాల అన్నిటికన్నా పెద్దదాని మీదికి చైను చేరడం లేదు. రెండంగుళాలు పొట్టి. గుట్ట ఎక్కడానికి కావలసింది సరిగ్గా ఆ గేరే.

"ఆ కత్తిరించిన ముక్క ఉండాది. అతుకు వేస్తా," అన్నాడు.

"వద్దు నాయనా. ఒకసారి కొట్టి తీసిన పిన్ను మళ్లా కొడితే నిలబడదు. ఎక్కుడులో తెగుతాది. నువ్వే కదా అందరికీ చెప్తావు?"

"మరి గుట్ట?"

"అది నా కాళ్ల పని. చైను ఆ పెద్దదాని మీదికి పోకుండా స్క్రూ బిగించు."

ముప్పై ఏళ్లలో మొదటిసారి కుళ్లాయప్ప ఎదురుచెప్పకుండా చెప్పిన పని చేశాడు.

ఏడున్నరకు పందేలు నడిపే సురేంద్ర సార్ ఈల ఊదాడు. పదిహేను మంది ఆడపిల్లలు బయల్దేరారు. కుళ్లాయప్ప మోపెడ్ మీద అడ్డదారిన గుట్టకు పోయి, ఎక్కుడు సగంలో నిలబడ్డాడు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. గంట గడిచింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్న వెధవను, నా పంతానికి పిల్ల నోట్లో మన్ను కొట్టినాను అని తనను తానే తిట్టుకున్నాడు.

మలుపులో నలుగురు కనబడ్డారు. చౌడేశ్వరి నాలుగోది. ముందున్న ముగ్గురూ వెనకాల పెద్ద పళ్లచక్రాల మీద చకచకా తొక్కుతున్నారు. ఈమె మాత్రం నిలబడి, ఒక్కో పెడలునూ బావిలోంచి బిందె తోడినట్టు తొక్కుతోంది. మోకాలి నెత్తురు పిక్క దాకా కారింది. పెడలు కిందికి దిగిన ప్రతిసారీ కుళ్లాయప్ప ఊపిరి బిగబట్టి ఆ టక్కుమనే శబ్దం కోసం చెవి ఒగ్గాడు. రాలేదు. మళ్లీ తొక్కింది. రాలేదు. ఆయన పక్కనుంచి పోయినప్పుడు చైను సన్నగా, ఒకే తీరుగా పలికింది. పిల్ల ఆయన వైపు చూడనే లేదు.

మోపెడ్ సంగతి మరిచి వెనకాలే పరిగెత్తాడు. పైన ముగ్గుతో గీసిన ఆఖరి గీతకు పది గజాల ముందు మూడో పిల్ల అలిసి సీటు మీద కూర్చుంది. చౌడేశ్వరి కూర్చోలేదు.

అర చక్రం తేడాతో మూడోది.

ఆయన వగరుస్తూ చేరేసరికి రాళ్ల మీద వెల్లకిలా పడుకుని ఉంది. పక్కన కూలబడ్డాడు.

"తప్పు నాదే పాపా. నువ్వు చెప్పినావు, నేను వినలేదు."

"ఒక్కసారి కూడా జారలేదు నాయనా," అందామె. అప్పుడు ఏడ్చింది. ఆయన కూడా ఏడ్చాడు, అందరి ముందూ, సిగ్గు లేకుండా.

ఇంటికొచ్చేసరికి మారెక్క కొత్త చైను తళతళా తుడిచి, పసుపు పెట్టి, దొడ్డి తలుపుకు గట్టిగా బిగించుకుంది.

"ఇది బాగుండాది. ఇంక ఇయ్యను," అంది.

"పెట్టుకో అమ్మా," అన్నాడు కుళ్లాయప్ప. జేబులోంచి పెన్ను తీసి కూతురు వైపు తిరిగాడు. "ఆ క్యాసెట్టులో పెద్దదానికి ఎన్ని పళ్లు ఉండాల పాపా?"

"ఇరవై ఎనిమిది. చైను కూడా..."

"తెలుసులే. రెండూ తెస్తా," అని అరచేతిలో రాసుకున్నాడు.