టూ నాట్ త్రీ

ఆ ఇంట్లో ఉప్పు చూసేది నిఖత్ నాలుకే. కూర పొయ్యి మీద ఉడుకుతుండగా గరిటెతో ఓ చుక్క అరచేతిలో వేసుకుని నాకి చూసి, సరిపోయిందని ఆమె అంటే తప్ప గిన్నె దిగదు. అత్తగారు రజియాకు బీపీ మాత్రలు మొదలైనప్పటి నుంచి నోటికి రుచి తెలియడం లేదట. మొగుడు రిజ్వాన్‌కు రుచి తెలియకేం, భేషుగ్గా తెలుస్తుంది, కాకపోతే పళ్లెం ముందుకొచ్చాకే తెలుస్తుంది. ఉప్పు ఎక్కువైతే పళ్లెం పక్కకు నెడతాడు. తక్కువైతే ఈ ఇంట్లో ఉప్పుకు కూడా కరువొచ్చిందా అంటాడు. సరిపోతే ఏమీ అనడు. పెళ్లయిన మొదటి రంజాన్‌లో, రోజా ఉన్నాను కదా అని ఉప్పు చూడకుండా వండితే ఇఫ్తార్ పూట కూడా పళ్లెం పక్కకు జరిగింది. అప్పుడు రజియా కోడల్ని వంటింట్లోకి పిలిచి ఓ ఉపాయం చెప్పింది. మొగుడు కోపిష్టి అయితే రోజాలో ఉన్న ఆడది కూడా నాలిక కొసన ఉప్పు చూసి ఊసెయ్యొచ్చట, రోజా చెడదట, పెద్దలు చెప్పిన మాటేనట. కోడలి మేలు కోరే చెప్పింది పాపం. కానీ నిఖత్‌కు ఆ రోజు ఏడుపొచ్చింది. మొగుడి కోపానికి అందరూ దారి ఇచ్చారు, తన నాలుకకు మాత్రం ఒక పూట సెలవు దొరకలేదు.

ఆ నాలుకకు ఉద్యోగం కూడా ఉంది. బీకాం చదివిన నిఖత్‌కు హైదరాబాద్ కంపెనీ ఒకటి ఇంట్లో కూర్చుని చేసే పని ఇచ్చింది. వినుకొండ రోడ్డులో రిజ్వాన్ బైకు మెకానిక్ షాపు నాలుగు రోజులు లేస్తే నాలుగు రోజులు పడుకునే రకం, అందుకని అతను వద్దనలేదు. ఇంటి పని అయ్యాక చేసుకో అన్నాడు, ఇంటి పని ఎక్కడైనా అయ్యేదైనట్టు. కంపెనీ వాళ్లది ఎగుమతుల కూపీ లాగే వ్యాపారం. ఏ దేశంలో ఎంత మాంసం ఓడెక్కింది, ఏ దేశంలో ఎంత దిగింది, మధ్యలో ఎక్కడికి జారింది, ఇవన్నీ పట్టి కొనుగోలుదారులకు చెబుతారు. నిఖత్‌కు అప్పగించింది బీఫూ, పోర్కూ. పంపిన దేశం చెప్పే లెక్కా, అందుకున్న దేశం చెప్పే లెక్కా పక్కపక్కన పెడితే ఏనాడూ కలవవు. ఎందుకు కలవలేదని అనుమానపడటమే ఆమె పని. అనుమానపడినందుకు జీతం వచ్చే ఇల్లాలు నరసరావుపేట మొత్తంలో ఆమె ఒక్కతే అయి ఉంటుంది.

చిక్కల్లా ఆ రెండు మాటలతో వచ్చింది. మొదట్లోనే ఓసారి రజియా విని, పోర్కంటే ఏందని అడిగింది. నిఖత్ చెవిలో చెప్పింది. రజియా తౌబా తౌబా అంటూ చెంపలు వాయించుకుంది. ఆ జంతువు పేరు ఎత్తితే నలభై రోజులు నాలుక నాపాక్ అయిపోతుందని, ఉర్దూలో అన్నా తెలుగులో అన్నా ఇంగ్లీషులో అన్నా అంతేనని చెప్పింది. నాపాక్ అంటే మైల. పని మానేయమని మాత్రం అనలేదు, మాత్రలు వచ్చేది ఆ పని నుంచేనని ఆమెకూ తెలుసు. "వాడికి చెప్పమాక. వింటే మానిపిస్తాడు. నువ్వు చేసుకో, పేరు మాత్రం ఎత్తమాక" అంది. ఇక బీఫ్ సంగతి. వీళ్లది ఇంటి ఓనరు శేషమ్మ వెనక పోర్షను, రెండు వంటిళ్ల కిటికీలూ ఎదురెదురు. ఒకరోజు శేషమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "ఏందమ్మాయ్, పెద్దకూర యాపారం గాని పెట్టారా ఏంది?" అని నవ్వుతూనే అడిగింది. నవ్వుతూ అడిగిన ఆ ప్రశ్నకే రిజ్వాన్‌కు ముచ్చెమటలు పోశాయి. మన దేశం నుంచి పోయేది గేదె మాంసమేనని, అది కూడా తన కంప్యూటర్లో అంకెలుగా తప్ప ఈ వీధిలోకి రాదని నిఖత్ చెప్పబోయింది. "నువ్వు గేదె అంటావు, వినేవాడు ఆవంటాడు. ఆ మాట కిటికీ దాటిందంటే మనం ఇల్లు దాటాలి" అన్నాడు రిజ్వాన్.

అట్లా లోపల ఒక మాట, బయటికి ఒక మాట నిషిద్ధమయ్యాయి. రెండూ నిఖత్ నోటికే. ఆమె ఆలోచించి ఒక దారి కనిపెట్టింది. ఎగుమతయ్యే ప్రతి సరుకుకూ లోకమంతా ఒప్పుకున్న నంబరు ఒకటి ఉంటుంది. గడ్డకట్టించిన బీఫ్‌కు సున్నా రెండు సున్నా రెండు. పోర్కుకు సున్నా రెండు సున్నా మూడు. ముందున్న సున్నా మింగేసి టూ నాట్ టూ, టూ నాట్ త్రీ అంటే ఆఫీసులో ఆమె పైనున్న అంతోని సార్‌కు ఇట్టే తెలిసిపోతుంది. ఆ గుట్టు అత్తగారికి చెప్పింది గాని మొగుడికి చెప్పలేదు, చెబితే రెండో పేరు కూడా చెప్పాల్సి వస్తుంది. అత్తగారి నియమం చెడలేదు, మొగుడి భయం తీరింది, శేషమ్మ కిటికీకి వినోదం తగ్గింది. అందరినీ సంతోషపెట్టానని మురిసిపోయింది. అందరినీ సంతోషపెట్టబోయిన ఆడది చివరికి ఎక్కడ తేలుతుందో పాపం ఆమెకు అప్పటికి తెలియదు.

ఆ తర్వాత రిజ్వాన్‌లో ఏదో మారింది. ముందు ఆమె కంటబడింది తన ఫోను. అంచు మీద నల్లటి గ్రీజు వేలిముద్ర. షాపు నుంచి రాగానే చేతులు తోముకోందే మంచినీళ్లు కూడా ముట్టని మనిషి అంత తొందరగా తన ఫోను ఎందుకు పట్టుకున్నట్టు? తర్వాత బండి. వీధి వీధంతా అదిరేట్టు వచ్చే బండి ఈమధ్య సందు మొదట్లోనే నోరు మూసుకుంటోంది, రిజ్వాన్ దాన్ని తోసుకుంటూ మెల్లగా వస్తున్నాడు. నడిసముద్రంలో ఏ ఓడైనా తన జాడ చెప్పే సిగ్నల్ ఆపేసిందంటే సరుకులో మర్మముందని నిఖత్‌కు పనిలో నేర్పారు. ఓడకు చెల్లేది మొగుడికి చెల్లదా? అదే సమయానికి శేషమ్మ కిటికీలోంచి గొంతు తగ్గించి, "మీ ఆయన స్టేషన్ కాడ లాడ్జీల్లో తిరుగుతున్నాడంట. మా బ్రహ్మయ్య మావ రెండుసార్లు చూశాడు. నాకెందుకులే గాని" అని, నాకెందుకు అన్నాక కూడా కాసేపు అక్కడే నిలబడి నిఖత్ మొహం చూసి వెళ్లింది.

నిఖత్ పొయ్యి వైపు తిరిగింది. లాడ్జీ అంటే ఇంకేముంది. ఎవరామె? ఎన్నాళ్ల నుంచి? ఆ పూట కూరలో ఉప్పు వేసిందో లేదో గుర్తులేక మళ్లీ వేసింది, చూసింది, నాలుకకు ఏమీ తెలియలేదు. రాత్రి రిజ్వాన్ ఆ ఉప్పుకషాయంలాంటి కూర కలుపుకుని ఒక్క మాట అనకుండా తిన్నాడు. పళ్లెం నెట్టలేదు. మొగుడు పళ్లెం నెట్టనందుకు గుండె జారిపోయిన పెళ్లాం ఆ రాత్రి తనొక్కతేనేమో అనుకుంది. తప్పు చేసినవాడే అట్లా తింటాడు. అతను తింటున్నంతసేపూ ఆమె అతని మొహంలోకే చూసింది. అతనూ తన మొహంలోకే చూస్తున్నాడని ఆలస్యంగా గమనించింది.

శుక్రవారం, నమాజుకు వెళ్లిన రిజ్వాన్ షాపుకు పోయుంటాడనుకున్న వేళ అంతోని సార్ ఫోన్ చేశాడు. పొయ్యి మీద వంకాయ మాంసం ఉడుకుతోంది. నిఖత్ పెరట్లోకి వెళ్లి, టూ నాట్ టూ రేపు సాయంత్రానికల్లా వచ్చేస్తుందని, టూ నాట్ త్రీ మాత్రం అక్కడే ఆగిపోయిందని, అసలు సంగతి కనుక్కుని చెబుతానని అంది. ఫోన్ పెట్టి వెనక్కి తిరిగేసరికి తలుపు చాటు నుంచి రిజ్వాన్ వచ్చాడు.

"ఎవడే వాడు, టూ నాట్ త్రీలో?"

ఆమెకు మొదట ఏమీ అర్థం కాలేదు. అతను నోటికొచ్చినట్టు చెప్పుకుపోతున్నాడు. ఎన్నిసార్లు విన్నాడో, రోజూ అవే రెండు రూములేందో, స్టేషన్ దగ్గర లాడ్జీలన్నీ తిరిగితే ఒకదానికి అసలు పై అంతస్తే లేదని, ఇంకోదాంట్లో టూ నాట్ త్రీ తాళం వేసి ఉందని. నిఖత్‌కు నవ్వొచ్చింది. పగలబడి నవ్వింది. తన అనుమానం, అతని అనుమానం ఒకే లాడ్జీ మెట్ల మీద ఎదురుపడ్డాయన్నమాట. నవ్వుతూనే అడిగింది.

"లాడ్జీ వాళ్లకు ఎవరి కోసమని చెప్పారు?"

"ఎవరి కోసమని చెప్తా? నా పెళ్లాం వచ్చిందా అని అడిగా. ఫోన్లో ఫొటో చూపించా."

ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. తానెన్నడూ గడప తొక్కని లాడ్జీలన్నింటికీ తన మొహం వెళ్లి వచ్చింది. స్టేషన్ రోడ్డులో ఇక ఏ కౌంటరు ముందు నుంచి నడిచినా, మెకానిక్ రిజ్వాన్ పెళ్లాం ఈమే అని ఒకడు ఇంకొకడికి చూపిస్తాడు. ఇన్నేళ్లు ఆ ఇంటి పరువు కోసం మాటలు మింగింది, ఆ మింగిన మాటలే లాడ్జీ గదులై తనకు అడ్డొచ్చాయి. ఒళ్లంతా మండింది.

గొడవ విని రజియా వచ్చింది. "అడిగాడు అంతే గదా బేటా, చెయ్యి చేసుకోలేదు గదా. పోనీ ఆ పని మానెయ్, ఇల్లు చల్లగా ఉంటది" అంది. రిజ్వాన్ కూడా అదే అన్నాడు, మానెయ్, లేదంటే ఆ నంబర్లేందో ఇప్పుడే చెప్పు అని. అమ్మను అడిగితే ఆమె కూడా తెలియదందని చెప్పాడు.

నిఖత్ అత్తగారి వైపు తిరిగింది. "మిమ్మల్ని అడిగాడా అమ్మీ?"

రజియా కళ్లు దించుకుంది. "అడిగాడు. నేనెట్లా చెప్తా? ఆ పేరు నా నోటెంట ఎట్లా వస్తది?"

కోపం కంటే ముందు ఆశ్చర్యం కలిగింది నిఖత్‌కు. ఈ ఇంట్లో నాలుకలు శుభ్రంగా ఉంటే చాలు, కోడలి పేరు లాడ్జీ లాడ్జీలోనూ మైలపడినా పర్వాలేదు. చెబితే ఉద్యోగం మానమంటాడు, చెప్పకపోతే ఈ మచ్చతో బతకాలి. ఏది చేసినా పోయేది తనదే అయినప్పుడు ఇంక దాచడం ఎవరి కోసం? ఆమె పెరట్లోకి పోలేదు. శేషమ్మ కిటికీకి ఎదురుగా, తన వంటింటి కిటికీ దగ్గరే నిలబడి అంతోని సార్‌కు తానే ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"సార్, ఇందాక చెప్పింది మళ్లీ చెబుతున్నా. టూ నాట్ టూ బీఫ్, ముంబైలో ఎక్కింది, రేపు సాయంత్రం వియత్నాంలో దిగుతుంది. టూ నాట్ త్రీ పోర్క్. పంది మాంసం సార్. బ్రెజిల్ నుంచి వచ్చింది, మనీలా రేవులో ఆగిపోయింది. ఇకనుంచి నాతో నంబర్లు వద్దు సార్, పేర్లతోనే మాట్లాడదాం."

అంతోని సార్ ఏమీ అర్థం కాక సరేనమ్మా అన్నాడు. ఎదుటి కిటికీలో శేషమ్మ తాలింపు మాడిపోతున్నా కదల్లేదు. రజియా చెవులు మూసుకుంది.

"పందా?" అన్నాడు రిజ్వాన్, అని నాలుక కరుచుకున్నాడు.

"వాడు పొరపాటున అన్నాడు, వాడికి మైల అంటదులే" అంది రజియా వెంటనే.

నిఖత్ ఫోన్ గట్టు మీద పెట్టింది. "పని మానను. మీరు మళ్లీ ఆ లాడ్జీలన్నింటికీ పోండి. ఏ నోటితో నా గురించి అడిగారో ఆ నోటితోనే చెప్పి రండి, టూ నాట్ త్రీ అంటే ఏందో." రిజ్వాన్ ఏదో అనబోయి కిటికీలో శేషమ్మను చూసి ఆగాడు. అతని మొహంలో అనుమానం పోయింది, దాని చోటులోకి ఇంకా ఏదీ రాలేదు.

పొయ్యి మీద కూర పొంగడంతో రజియా అలవాటు కొద్దీ అడిగింది. "ఉప్పు చూశావా?"

నిఖత్ గరిటె తీసి రిజ్వాన్ చేతికిచ్చింది.

"నా నాలిక నలభై రోజులు నాపాక్ గదా అమ్మీ. ఆయనది పాక్‌గానే ఉందన్నారు. ఆయనే చూస్తాడు."

రజియా కొడుకు చేతిలో గరిటెను, కోడలి మొహాన్ని మార్చి మార్చి చూసింది. "నలభై రోజులయ్యాక?"

"ముప్పైతొమ్మిదో రోజున మళ్లీ అంటా" అంది నిఖత్.