బహుమతి తూకం

బెజవాడలో సినిమా హీరోల కోసం తలలు పగలగొట్టుకునేవాళ్ళకి కొదవ లేదు గానీ, కార్టూన్ల కోసం కొట్టుకునేవాళ్ళు కూడా ఉన్నారంటే చాలామంది నమ్మరు. ఉన్నారు. యానిమేషన్ బహుమతులు ప్రకటించిన వారం వాళ్ళకి నిద్ర ఉండదు, ఇంకొకణ్ణి నిద్ర పోనివ్వరు. ఎవరికి రావాల్సింది ఎవరికి పోయింది, ఎవడు దేన్ని చూసి కాపీ కొట్టాడు, జడ్జీలకి కళ్ళున్నాయా లేవా అని వాట్సాప్ గ్రూపులో ఒకళ్ళనొకళ్ళు చీల్చి చెండాడుకుంటారు. ఆ వేడి కాస్త చల్లారాక, ఓ ఆదివారం మధ్యాహ్నం సూర్యారావుపేటలోని ఒక ట్యూషన్ సెంటరు పై అంతస్తులో చేరి, గెలిచిన బొమ్మని తూకం వేస్తారు. దాన్ని వాళ్ళు తూకం అనే అంటారు.

తూకానికి పద్ధతులున్నాయి. గెలిచినవాడి మీద ఒకరు వాదిస్తారు, అతని తరఫున ఒకరు. బొమ్మని ఫ్రేము ఫ్రేముకీ ఆపి, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరతారు. చివర్లో చేతులెత్తడం, చీటీలు వెయ్యడం ఉండదు. బహుమతికి అర్హుడే అనుకున్నవాళ్ళు తమ కుర్చీ ఈడ్చుకెళ్ళి కిటికీల గోడ వైపు వేసుకుంటారు. కాదనుకున్నవాళ్ళు ఇనప బీరువా వైపు. గెలిచినవాణ్ణి పిలిచి మధ్యలో కూచోబెడతారు గానీ, తీర్పయ్యేదాకా అతను నోరు విప్పకూడదు. రాకపోతే తప్పు ఒప్పుకున్నట్టే లెక్క. పిచ్చి ముదిరినవాళ్ళు పెట్టుకున్న రూల్సు ఇంతకంటే బాగా ఎందుకుంటాయి?

ఆ ఏడు మధ్య కుర్చీలో కూచున్నవాడు యేసుకుమార్.

అతను చేసింది చాలా చిన్న బొమ్మ. పేరు ‘తువ్వాలు’. అందులో మాటల్లేవు, పాటల్లేవు. బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగిన రోజు, ఒక ముసలావిడ డాబా మీద నిలబడి తువ్వాలు ఊపుతూ ఉంటుంది. కుడి చెయ్యి పైకి లేవక, ఎడం చేత్తో మోచెయ్యి పట్టుకుని మరీ ఊపుతుంది. నీళ్ళు పెరుగుతుంటాయి. పొద్దుగూకుతుంది. ఆఖర్న నల్లటి తెర మీద రెండే మాటలు పడతాయి: ఎవరూ రాలేదు. ఆ ముసలావిడ ముఖంలోని భయం చూసి గుండె పిండేసినట్టయిందని జడ్జీలు రాశారు. మొదటి బహుమతి ఇచ్చారు.

చిక్కల్లా కిరీటితో వచ్చింది. గ్రూపులో అందరికన్నా సూటి కన్ను అతనిది. ఆ సంగతి అతనికి కాస్త ఎక్కువే తెలుసు. బహుమతి వచ్చిన సాయంత్రమే, ‘ఆ చెయ్యి ఊపడం ఊహించి గీసింది కాదు. ఎక్కడో అసలు వీడియో ఉంది. దాని మీద ట్రేస్ చేశాడు’ అని పెట్టాడు. అంతే, తెల్లారేసరికి దానికి దొంగ బొమ్మ అని పేరు పడిపోయింది. ఎవరో ఒక స్టిక్కరు కూడా తయారుచేశారు. అందులో ముసలావిడ తువ్వాలు ఊపుతూ, ‘నన్ను ఎత్తుకొచ్చేశారు బాబోయ్’ అంటుంది. దాని కింద పడీ పడీ నవ్వే మొహాలు వరసకట్టాయి. బహుమతి ఇచ్చిన సంస్థవాళ్ళు కూడా వెనక్కి తగ్గి, తూకంలో ఏం తేలుతుందో చూసి చెబుతామన్నారు.

యేసుకుమార్ ఒక్క ముక్క చెబితే ఆ నవ్వులన్నీ అక్కడికక్కడే చచ్చేవి. ఆ ముసలావిడ వాళ్ళమ్మ తెరేసమ్మ.

అతను చెప్పలేదు. జాలితో ఇచ్చారని అనిపించుకోవడం ఇష్టం లేదని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు గానీ, అసలు భయం అది కాదు. ఆవిడ మా అమ్మండీ అనగానే, ‘మరి మీరెక్కడున్నారు?’ అని అడుగుతారు.

అతను ఫ్లైఓవర్ మీద ఉన్నాడు. ముందురోజు స్టూడియోలో పని తెమలక అక్కడే పడుకుని, పొద్దున్నే ఇంటికి బయల్దేరితే, ఇల్లున్న చోట చెరువుంది. ఫ్లైఓవర్ ఎక్కి చూస్తే దూరంగా డాబా, దాని మీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకు, ట్యాంకు పక్కన వేలెడంత అమ్మ. ఫోను చేశాడు. కొట్టుకుపోయినవాళ్ళ కబుర్లు అప్పటికే జనంలో తిరుగుతున్నాయి.

“అమ్మా, ఫ్లైఓవర్ మీంచి కనపడుతున్నావు. అక్కడే ఉండు. ఎవరేం చెప్పినా దిగకు, ఎటూ కదలకు. నేనొస్తున్నా.”

“అట్నేలే నాన్నా. నువ్వు మాత్రం నీళ్ళలో దిగమాక” అందామె.

తరవాత ఫోను మోగలేదు. అతను పడవలవాళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఆ వైపు ఉరవడి ఎక్కువగా ఉందన్నారు, రేపన్నారు. అమ్మ తువ్వాలు ఊపుతూనే ఉంది. ఆమె సుగరు ఇంజక్షన్లు కింద ఫ్రిజ్‌లో ఉన్నాయి, ఫ్రిజ్ నీళ్ళలో ఉంది. మర్నాడు లారీ ట్యూబు పట్టుకుని అతను డాబా చేరేసరికి ఆమె ట్యాంకు నీడలో, తువ్వాలు తల కింద మడిచి పెట్టుకుని పడుకుని ఉంది. ఒళ్ళు చల్లగా ఉంది.

ఆ తరవాత అతన్ని నిలబెట్టింది ప్రార్థన కాదు, చుట్టాల ఓదార్పు కాదు. కోపం. ఊరంతా పడవలు తిరిగాయి, మా అమ్మ దగ్గరికి మాత్రం ఒక్కడూ రాలేదన్న కోపం. ఆ కోపంతోనే ఏడాది పైన కూచుని, కళ్ళు మూసుకుంటే కనిపించే ఆ చేతిని ఒక్కొక్క కాగితం మీద గీశాడు. బహుమతి పోతే పోయిందనుకున్నాడు. ఆ చెయ్యి ఇంకెక్కణ్ణుంచో ఎత్తుకొచ్చిందని మాత్రం అనిపించుకోలేడు. గుణదల చర్చిలో ఆదివారం పూజ చూసుకుని, మేరీమాత ముందు ఒక కొవ్వొత్తి వెలిగించి, తిన్నగా తూకానికి వచ్చాడు.

పెద్దరికానికి కూచున్నది రామకోటేశ్వరరావు గారు. రిటైరైన డ్రాయింగు మాస్టారు. గొంతు సవరించుకుని, “కానివ్వవయ్యా కిరీటీ” అన్నారు.

“నేను చెప్పేదేం లేదు మాస్టారూ. మీరే చూడండి” అంటూ కిరీటి ప్రొజెక్టరు వేశాడు. “పెళ్ళిళ్ళకి డ్రోను ఎగరేసే మాణిక్యం గారని ఉన్నారు. వరదరోజున కాలవ వైపు నుంచి ఎగరేశారంట. అప్పుడెప్పుడో ఆ వీడియో ఎవరికో పంపారంట. మొత్తం వీడియో ఆయన్ని బతిమాలి తెచ్చాను.”

గోడ మీద రెండు చదరాలు పడ్డాయి. ఎడమ పక్క బొమ్మ. కుడి పక్క వీడియో. డాబా, నల్ల ట్యాంకు, ఆకుపచ్చ చీరలో ఒక ముసలావిడ. ఎడం చేత్తో కుడి మోచెయ్యి పట్టుకుంది. రెండుసార్లు ఊపింది, ఆగింది, తువ్వాలు భుజాన వేసుకుని ఊపిరి తీసుకుంది, మళ్ళీ ఊపింది. పక్కనే బొమ్మలో ఆవిడా అంతే. రెండుసార్లు, భుజాన, మళ్ళీ.

గదిలో ఒక్కసారిగా అరుపులు లేచాయి. “అయిపోయింది!” అన్నాడొకడు. “సాక్ష్యం పట్టేశాడ్రా కిరీటి!”

యేసుకుమార్‌కి ఆ అరుపులు వినపడలేదు. ఇలాంటి వీడియో ఒకటుందని అతనికి తెలీదు. ఏడాదిపాటు గీసీ గీసీ కాగితం మనిషైపోయిన అమ్మ, గాలికి చీర కొంగు రెపరెపలాడుతూ గోడ మీద నిలబడింది. అమ్మా అనబోయి పళ్ళు బిగపట్టాడు. నోరు విప్పకూడదు. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు.

అప్పటికే బీరువా వైపు కుర్చీలు కిర్రుమంటున్నాయి.

“ఆగండాగండి! తీర్పుకి ముందు కుర్చీ కదిపితే చెల్లదు” అని లేచింది సింధూరి. గన్నవరం నుంచి వచ్చే పళ్ళ డాక్టరమ్మ, ఈసారి గెలిచినవాడి తరఫున వాదించే వంతు ఆమెది. వాదనకి దిగితే పట్టిన పన్ను ఊడేదాకా వదలదు. “కిరీటీ, మొదట ఇది చెప్పు. మీ డ్రోను ఎటు నుంచి తీసింది?”

“కాలవ వైపు నుంచి.”

“వీడియోలో ట్యాంకు మనకి ఎడమ పక్కన కనపడుతోంది. బొమ్మలో కుడి పక్కనుంది. అంటే బొమ్మ గీసినాయన అవతలి వైపు నుంచి చూశాడు, ఫ్లైఓవర్ వైపు నుంచి. ట్రేస్ చేసినవాడికి డాబా తిప్పి గీసే ఖర్మేంటి?”

“అద్దంలోలాగా తిప్పేసి ఉండచ్చుగా.”

“తిప్పేస్తే ఆవిడ ఎడం చెయ్యి ఊపాలి. రెండిట్లోనూ కుడిచెయ్యే. సరే, ఇంత ముక్క చూపిస్తే ఎలా? మొత్తం వెయ్యి.”

“మిగతాదాంట్లో ఏముందండీ, నీళ్ళేగా.”

“నీళ్ళే చూస్తాం. వెయ్యి.”

కిరీటి విసుక్కుంటూ బొమ్మని తీసేసి వీడియో గోడంతా పరిచాడు. డ్రోను డాబా చుట్టూ నెమ్మదిగా తిరిగింది. ఇంటి వెనక సందు వచ్చింది. ఫ్లైఓవర్ మీంచి ఎప్పటికీ కనపడని సందు అది. ఆ సందులోంచి ఒక పడవ వచ్చింది.

యేసుకుమార్ ముందుకి వంగాడు.

పడవలో నలుగురైదుగురు ఉన్నారు. మధ్యలో చోటుంది. నారింజరంగు లైఫ్ జాకెట్టు వేసుకున్న మనిషి లేచి నిలబడి, డాబా పిట్టగోడ పట్టుకుని, రెండో చెయ్యి పైకి చాపాడు. తెరేసమ్మ తల అడ్డంగా ఊపింది. అతను మళ్ళీ చాపాడు. ఆమె బొడ్లోంచి ఫోను తీసి అతనికి చూపించింది. ఆ ఫోనుతోనే దూరంగా ఫ్లైఓవర్ వైపు చూపించింది, ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. పడవ మనిషి దణ్ణం పెట్టాడు. ఆమె అతనికి తిరిగి దణ్ణం పెట్టి, వెళ్ళమని చెయ్యి విసిరింది. పడవ కాసేపు అక్కడే ఊగి, వెళ్ళిపోయింది. ఆమె ముందువైపు పిట్టగోడ దగ్గరికి వచ్చి, మోచెయ్యి పట్టుకుని, ఫ్లైఓవర్ వైపు తువ్వాలు ఊపడం మొదలెట్టింది.

“చూశారా మాస్టారూ!” సింధూరి గొంతు ఖంగుమంది. “పడవ వచ్చింది! ఈ బొమ్మలో పడవ ఉందా? లేదు. ఎవరూ రాలేదని కదా రాశారు. ఈ వీడియో చూసినవాడైతే పడవని ఎలా వదిలేస్తాడు? ఆవిడ ఎందుకు ఎక్కలేదో మనకి తెలీదు, మనకి అనవసరం. కానీ బొమ్మ గీసినాయనకి పడవ సంగతే తెలీదని మాత్రం తేలిపోయింది.”

“అది నిజమే” అన్నారు మాస్టారు.

“ఇంకోటి. కిరీటీ, ఆవిడ ముఖం దగ్గరికి తీసుకురా.”

ముఖం పెద్దదయింది. కాస్త మసకేసింది గానీ తెలుస్తూనే ఉంది.

“బొమ్మలో ఆవిడ వణికిపోతుంటుంది. బహుమతి ఆ భయానికేగా ఇచ్చింది? ఇక్కడ చూడండి. ఈవిడ నవ్వుతోంది. బస్సు దిగి వస్తున్న కొడుకుని చూసి నవ్వినట్టు నవ్వుతోంది. దీన్ని చూసి దాన్ని గీశాడంటే ఎవరు నమ్ముతారు? యేసుకుమార్ గారు ఎవర్ని చూశారో, ఎవర్ని తలుచుకున్నారో గానీ, భయం ఆయన సొంతం. నా వాదన అయిపోయింది.”

కుర్చీలు కదిలాయి. బీరువా వైపు వెళ్ళబోయినవన్నీ కిటికీల వైపు తిరిగాయి. కాసేపటికి బీరువా పక్కన ఒక్క కుర్చీ కూడా మిగల్లేదు. కిరీటి చివరిదాకా ఆగి, తల గోక్కుని, అతనూ తన కుర్చీ కిటికీల గోడకి చేర్చాడు. చప్పట్లు మోగాయి. మొన్నటిదాకా స్టిక్కరు పంచుకుని నవ్వినవాళ్ళే ఇప్పుడు అరచేతులు మండేలా కొట్టారు. అభిమానం అంటే అదే మరి, ఎటు పారితే అటే ఉరవడి.

“సారీ బ్రదర్, తప్పయిపోయింది” అన్నాడు కిరీటి, దణ్ణం పెడుతూ.

“తూకం నిలబడింది. ఇక మీరు మాట్లాడచ్చండీ యేసుకుమార్ గారూ” అన్నారు మాస్టారు.

యేసుకుమార్ లేచి గోడ వైపు తిరిగాడు.

“ఆ పడవ వచ్చిన దగ్గర్నుంచి ఇంకొక్కసారి వేస్తారా అండీ” అన్నాడు.

కిరీటి సంతోషంగా వేశాడు. గదంతా మళ్ళీ చూసింది. చాపిన చెయ్యి. అడ్డంగా ఊగిన తల. ఫోను. ఫ్లైఓవర్. తెరేసమ్మ ఫోను చూపించి ఏం చెప్పిందో ఆ గదిలో ఒక్కడికే వినిపించింది. మా అబ్బాయి వస్తున్నాడండీ, ఇక్కడే ఉండమన్నాడు. ఏడాది పాటు ఊరందరి మీదా పడ్డ కోపం అతని లోపల ఎటు పోవాలో తెలీక, తిరిగి తిరిగి చివరికి సొంత ఇంటికే వచ్చి కూచుంది.

అతను మధ్యలో ఉన్న తన కుర్చీ ఎత్తలేదు, ఈడ్చాడు. ఈడ్చుకెళ్ళి బీరువా పక్కన వేసుకుని, అందరికీ ఎదురుగా ఒక్కడే కూచున్నాడు.

కొందరు నవ్వారు. “ఎంత వినయమండీ బాబూ!” అన్నారెవరో.

“ఏంటండీ ఇది? ఇంత కష్టపడి గెలిపిస్తే అటెళ్ళి కూచుంటారేంటి?” అంది సింధూరి, తనూ నవ్వుతూనే.

“ఎవరూ రాలేదని రాశానండీ. అది అబద్ధం. వచ్చారు” అన్నాడు యేసుకుమార్. “ఆవిడ మా అమ్మ. కదలద్దని నేనే చెప్పాను. అందుకని ఎక్కలేదు.”

సింధూరి నవ్వు ఆపి గోడ వైపు తిరిగింది. మాస్టారు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. కిరీటి వీడియో ఆపుదామని లేస్తుంటే, “ఆపద్దండీ, ఉండనివ్వండి” అన్నాడు యేసుకుమార్.

గోడ మీద తెరేసమ్మ మోచెయ్యి పట్టుకుని, నవ్వుతూ, ఫ్లైఓవర్ వైపు తువ్వాలు ఊపుతోంది.