విసుర్రాయి ఆగినప్పుడు

పంచాయతీ రేడియోలో నాటకం మొదలయ్యే వేళకే నర్సింగమ్మ జొన్నలు ముందరేసుకుని విసుర్రాయి దగ్గర కూర్చునేది. రేడియో ఆమె మొగుడు రామచంద్రం పెత్తనంలో, వాళ్ల ఇంటి అరుగు మీదనే ఉండేది. అరుగంతా మగవాళ్లు, తలుపు వెనక ఈమె. ఊరికే నిలబడితే అత్త గోపమ్మ ఊరుకోదు కాబట్టి పని పెట్టుకునేది. మాటలు వినపడేంత మెల్లగా రాయి తిప్పేది. చెయ్యి ఆడుతున్నంతసేపూ చెవి ఏం చేస్తోందని ఎవరడుగుతారు?

అట్లా వినీ వినీ ఆమెకు నాటకం గుట్టు పట్టుబడింది. కంటికి ఏమీ కనిపించదు కదా, అన్నీ చప్పుళ్లతోనే చెప్పాలి. కోడి కూస్తే తెల్లారినట్టు. కిర్రుచెప్పులు దూరం నుంచి దగ్గరికొస్తే మామ వచ్చినట్టు. గాజులు గలగలమంటే కొత్త కోడలు, అవే గాజులు గల్లుమని ఒక్కసారి ఆగిపోతే ఆ కోడలికి కోపమొచ్చినట్టు. ఏడవాల్సిన చోట ఫిడేలు ముందే ఏడ్చి పెట్టేది, వినేవాళ్లు మరిచిపోతారేమోనని. దానికి నర్సింగమ్మకు నవ్వొచ్చేది. మగవాడు బాధపడితే బోలెడు మాటలు, ఆడది బాధపడితే ఫిడేలు. ఇంకో సంగతి కూడా కనిపెట్టింది. నోరు విప్పని మనిషి నాటకంలో ఎంతసేపు నిలబడ్డా, వినేవాళ్లకు అక్కడ లేనట్టే. ఇదంతా ఎవరితోనైనా చెప్పుకోవాలని ప్రాణం కొట్టుకునేది. చెప్పుకోవడానికి ఆ ఇంట్లో ఎవరున్నారు, ఆమె మొహం!

ఆ వారం నాటకంలో తల్లీకొడుకులు కోడలి సంగతి మాట్లాడుకుంటున్నారు. వెనక ఎక్కడో విసుర్రాయి గరగరమంటోంది. కోడల్ని పంపించేసి ఇంకో పిల్లను తెద్దామని తల్లి అన్నదో లేదో, ఆ రాయి ఆగింది. చీమ చిటుక్కుమనలేదు. తలుపు వెనక నర్సింగమ్మ చెయ్యి కూడా ఆగిపోయింది. అరుగు మీద రామచంద్రం మాత్రం బ్యాటరీ చచ్చిందంటూ పెట్టెను రెండు చరుపులు చరిచి, మర అటూ ఇటూ తిప్పేశాడు. బరబర తప్ప ఏమీ మిగల్లేదు. స్టేషను మళ్లీ దొరికేసరికి నాటకం అయిపోయింది. కోడలు ఏమైందని మగవాళ్లంతా వాదులాడుకున్నారు. ఆమె ఇంట్లో ఉంటే కదా, తల్లిగారింటికి పోయింది, అందుకే గొంతు లేదని రామచంద్రం వాళ్లన్న గాలయ్య తేల్చేశాడు.

అన్నం పెడుతూ నర్సింగమ్మ ఉండబట్టలేకపోయింది. "ఆమె ఇంట్లనే ఉన్నది. ఇసుర్రాయి ఆగలే? మాట ఇనబడ్డది ఆమెకు," అన్నది మొగుడితో.

రామచంద్రం నవ్వాడు. "నువ్వు రొట్టెలు చెయ్యి. నాటకాల సంగతి మేం చూస్కుంటం."

మనిషి ఎదురుగా ఉంటే కూడా ఇంత ఒంటరిగా ఉంటుందా అనుకుని, కంచంలో ఇంకో రొట్టె వేసింది.

గాలయ్యకైతే ఆమె గొంతు ఎట్లుంటుందో కూడా తెలియదు. మొగుని అన్న ఎదుట పడకూడదు, పలకకూడదు. అది ఆ ఇళ్లలో ఆనవాయితీ. ఆయనొస్తే తలుపు చాటుకు పోవాలి. చెంబు గడప మీద పెట్టి చెయ్యి వెనక్కి తీసుకోవాలి. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఆయనకు ఈమె చెంబు, చెయ్యి, అంతే.

మరునాడు పొద్దున గాలయ్య అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. తలుపు వెనక నర్సింగమ్మ జొన్నలు విసురుతోంది. బావికి ఆయిల్ ఇంజను పెట్టాలన్నది ఆయన పట్టు. అందుకు నర్సింగమ్మ చెలక అమ్మేద్దామన్నాడు. ఆ చెలక పసుపు కుంకుమ కింద ఆమె బాపు ఇచ్చిన మెట్ట భూమి. అత్తగారింట ఆమె నాది అనుకున్నది అదొక్కటే. ఇంట్లో ఎవరేమన్నా అక్కడికే పోయి ఆముదపు చెట్ల మధ్య కలుపు తీస్తూ ఏడ్చుకునేది, అక్కడ అడిగేవాళ్లు లేరు కాబట్టి.

"ఆమెదేమున్నది, ఏలిముద్ర ఏస్తది," అన్నాడు రామచంద్రం.

రాయి ఆగింది. తను ఆపినట్టు ఆమెకే తెలియలేదు. అరుగు మీద మాటలు మాత్రం ఆగలేదు, ఎవరికి అమ్మాలో కూడా అనుకుంటున్నారు. కాసేపటికి రామచంద్రం కేకేశాడు. "పిండి అయ్యిందా? అన్నకు జర మంచినీళ్లియ్యి."

నర్సింగమ్మకు నవ్వొచ్చింది. మళ్లీ బ్యాటరీ చచ్చిందనుకున్నాడు ఈ మహానుభావుడు! నవ్వు వెనకనే ఏడుపూ తన్నుకొచ్చింది. ఆ నాటకంలో కోడలు రాయి ఆపి ఏమన్నదో తనకెప్పటికీ తెలియదు. ఆ ముక్క ఈయన మర తిప్పి పోగొట్టాడు. ఇక ఆ మాటేదో తనే అనాలి.

చెంబు ముంచుకుంది. గడప మీద పెట్టలేదు. గడప దాటి, పిండి చేతులతోనే తీసుకొచ్చి గాలయ్య ముందు పెట్టింది. ఆయన ఎటు చూడాలో తెలియక రేడియో వైపు చూశాడు.

"పిండి కాలే బావా," అన్నది. "రాయి నేనే ఆపిన. నా చెలక మాట ఇనబడ్డది. ఏలిముద్ర ఎయ్య."

చాలాసేపు ఎవరూ నోరు విప్పలేదు. అంతసేపూ ఆ అరుగు మీద నర్సింగమ్మ ఒక్కతే ఉంది.