అంచు దాకా పోసిన కాఫీ

నేను ఒక కాఫీ గిన్నెను. పిడి లేదు, గుప్పిట్లో దాగేంత ఒళ్లు. ఒక సందేహం ఏళ్లుగా నన్ను వదలడం లేదు: మర్యాద గిన్నెలో ఉంటుందా, పోసే చేతిలో ఉంటుందా? నన్ను మట్టితో చేసినవాడికి తెలియదు. మనుషులను చేసినవాడికి తెలిసే ఉంటుంది. ఆయన చెప్పడు.

బట్టీలో కాలి, బంగారు గీత దిద్దించుకుని, పదకొండుగురు తోబుట్టువులతో కువైట్‌లోని ఒక పెద్దింటికి చేరాను. అక్కడ నన్ను ఎందరో కడిగారు. ఒకామె కూనిరాగం తీస్తూ, ఒకామె ఏడుస్తూ. నా అంచుకు గీటు పడిందేమోనని మేడం నన్ను వెలుతురులో పట్టి చూసేది. కడిగిన చేతులను ఎవరూ అలా చూడలేదు.

ఓబులమ్మ రైల్వే కోడూరు నుంచి ఇంటిపనికి వచ్చింది. మొదటి ఇంటివాళ్లు నెల తిరక్కుండానే ఏజెంటు ఆఫీసుకు తిప్పి పంపారు. ఇది రెండో ఇల్లు. ఇక్కడా వద్దంటే నేరుగా ఊరికే పంపేస్తారు. తిరుపతిలో కూతురి నర్సింగు చదువు సగంలో ఆగిపోతుంది. అందుకే తెల్లవారకముందే లేచి, సబ్బుపెట్టె మూతలో అతికించుకున్న వెంకటేశ్వర స్వామి పటానికి దండం పెట్టుకుని, చెప్పిన పనీ చెప్పని పనీ చేసేది. భాష రాదు. ఎవరు పిలిచినా ఉలిక్కిపడేది.

ఒక గురువారం మేడం పెద్దబావ వచ్చాడు. ఏడాదిగా అలిగి, ఆ రోజే మళ్లీ గడప తొక్కిన మనిషి. ఎప్పుడూ కాఫీ పోసే ఆమె సెలవులో ఉండడంతో కూజా ఓబులమ్మ చేతికి వచ్చింది. పెద్దాయన కదా అని నన్ను అంచు దాకా నింపి, రెండు చేతులా అందించింది. ఆయన నా వంక చూశాడు. ముట్టకుండానే లేచి వెళ్లిపోయాడు.

మేడం అరుపులకు నాలోని కాఫీ వణికింది. వాటిలో ఓబులమ్మకు అర్థమైంది "ఆఫీస్" అన్న ఒక్క మాటే. సంచి సర్దుకుని వంటింటి గుమ్మంలో కూలబడింది. గట్టు మీద నేను, చల్లారిన కాఫీతో.

ఇంటి డ్రైవర్ మస్తాన్ కారు తాళాలతో వచ్చాడు. రాయచోటి మనిషి.

"ఏం చేసినావక్కా?"

"కాఫీ పోసినా నాయనా. అంతే."

"ఎంత పోసినావు?"

ఆమె నన్ను చూపించింది. మస్తాన్ తల పట్టుకున్నాడు.

"అయ్యో నా తల్లీ! ఈడ అడుగున రవంత పొయ్యాల. నిండా పోస్తే, తాగేసి లేసి పోబ్బా అన్నట్టు!"

"మా ఇంటికాడ సగం పోస్తే సచ్చిందాకా దెప్పుతారు. నాకెవురు చెప్పినారు? నన్ను తీస్కపోబాకు తమ్ముడా. పాప సదువు..."

మస్తాన్ లోపలికి వెళ్లాడు. మేడం గొంతు రెండింతలై, చాలాసేపటికి తగ్గింది. తిరిగి వచ్చేసరికి అతని ముఖం కందిపోయి ఉంది.

"సంచి లోపల పెట్టుకో. నిండా పొయ్యమని నేనే చెప్పినానని మేడంతో అన్నా."

"అబద్ధమా! నిన్నేమనింది?"

"రెండు నెల్లు శుక్రారం సెలవు పీకేసింది. ఇప్పుడు పోయి ఆ ముసలాయన గెడ్డం పట్టుకోని బతిమాలాల."

"నాకోసరం ఎందుకయ్యా ఇదంతా?"

అతను చల్లారిన కాఫీ పారబోసి, నన్ను కొళాయి కింద పెట్టాడు.

"నేను కొత్తలో ఇదే ఇంట్లో అద్దాల పళ్లెం పగలగొట్టినా. అప్పుడు ఈడ పనిచేసే నందలూరు చెంగమ్మక్క, పగలగొట్టింది తానే అని తిట్లన్నీ తినింది. నీ రుణమెట్ల తీరాలక్కా అంటే, ఎవురికన్నా తీర్చుపోరా అని నవ్వింది. ఆ నెల్లోనే ఊరికి ఎలబారిపోయింది. పన్నెండేండ్లాయ. ఈ పొద్దు తీరింది. పో, మొగం కడుక్కోపో."